‘దట్ బిగ్ ఎ ప్రాబ్లమ్’, ‘దట్ బిగ్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్’: వీటిలో దేన్ని దిద్దాలి?

ప్రశ్న (ఆంగ్ల ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో పద్నాలుగేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. పోయిన వారం పదో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దుతుంటే ఒక అమ్మాయి రాసిన వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. ‘ఇట్ ఈజ్ నాట్ దట్ బిగ్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్’ అని ఆ అమ్మాయి రాసింది. మొదట ‘ఆఫ్’ను కొట్టేశాను. తీరా కొట్టేశాక మిగిలిన ‘నాట్ దట్ బిగ్ ఎ ప్రాబ్లమ్’ కూడా నా చెవికి సరిగ్గా వినిపించలేదు. ఆర్టికల్ ఎప్పుడూ విశేషణానికి ముందే వస్తుందని, ‘ఎ బిగ్ ప్రాబ్లమ్’ అనాలే గాని ‘బిగ్ ఎ ప్రాబ్లమ్’ అనకూడదని ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్లలకు చెబుతూ వచ్చింది నేనే.

అమ్మాయిని పిలిచి అడిగాను. డాలస్‌లో ఉంటున్న వాళ్ల బాబాయి కూతురు ఫోనులో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అలాగే అంటుందని, అక్కడే పుట్టి పెరిగిన పిల్ల తప్పు మాట్లాడదు కదా అని రాశానని చెప్పింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మూడు విషయాలు తెలుసుకోవాలని ఉంది. విశేషణం ఆర్టికల్‌ను దాటి ముందుకు ఎందుకు వస్తుంది? మధ్యలో ఆ ‘ఆఫ్’ ఎక్కడి నుంచి వచ్చింది, అది ఏ ప్రాంతపు వాడుక? బ్రిటిషు పద్ధతిని అనుసరించే మన పరీక్షల్లో దాన్ని తప్పుగా లెక్కించాలా? విశేషణం, ఆర్టికల్ కలిసేచోట ప్రాంతాన్ని బట్టి మారే సంగతులు ఇంకేమైనా ఉంటే అవి కూడా చెప్పగలరు.


మొదటి జవాబు (విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, తెనాలి)

అమ్మా, మీరు ‘ఆఫ్’ను కొట్టేశాక మిగిలిన వాక్యమే పాత ప్రామాణిక రూపం. అందులో వ్యాకరణ దోషం ఏమీ లేదు. మన తరగతి గదుల్లో ఆ రూపాన్ని చెప్పకుండా వదిలేస్తాం కాబట్టి అది చెవికి కొత్తగా తగులుతుంది.

ఆర్టికల్, విశేషణం, నామవాచకం అనే వరుస సామాన్య సూత్రం. అయితే విశేషణానికి ముందు యాజ్, సో, టూ, హౌ, దిస్, దట్ అనే మాటల్లో ఏదో ఒకటి చేరి ‘ఇంత’, ‘అంత’, ‘ఎంత’ అనే కొలతను చెప్పినప్పుడు, ఆ మాట తన వెంట విశేషణాన్ని కూడా తీసుకొని ఆర్టికల్‌కు ముందుకు వెళ్తుంది. అందుకే ‘టూ బిగ్ ఎ హౌస్’, ‘సో గుడ్ ఎ టీచర్’, ‘హౌ లాంగ్ ఎ జర్నీ’, ‘యాజ్ గుడ్ ఎ ప్లేయర్ యాజ్ హర్ సిస్టర్’ అనేవన్నీ సరైన ప్రయోగాలు. షేక్‌స్పియర్ నాటకంలో మాక్బెత్ రంగం మీదికి వచ్చి పలికే మొదటి వాక్యమే ‘సో ఫౌల్ అండ్ ఫెయిర్ ఎ డే ఐ హావ్ నాట్ సీన్’. అక్కడ రెండు విశేషణాలు ఆర్టికల్‌ను దాటాయి. నాలుగు వందల ఏళ్లకు పైగా ఉన్న ఈ వరుస నేటి రాతలోనూ నిలిచి ఉంది.

పిల్లలు తడబడేది ‘వెరీ’ దగ్గర. ‘సో’కు, ‘వెరీ’కి మనం తెలుగులో ‘చాలా’ అనే ఒకే అర్థం చెబుతాం, కాని ‘వెరీ’ చేరినా వరుస మారదు; ‘ఎ వెరీ బిగ్ హౌస్’ అనే అంటాం. నా అనుభవంలో ఈ తేడాను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక దారి ఉంది. ‘సో’ అనగానే వినేవాడు తర్వాత రాబోయే ‘దట్’ కోసం ఎదురుచూస్తాడు, ‘టూ’ అనగానే ‘టు’ కోసం, ‘యాజ్’ అనగానే రెండో ‘యాజ్’ కోసం ఎదురుచూస్తాడు. ఇవి పోలికను గాని, పర్యవసానాన్ని గాని కోరుకునే మాటలు. ‘వెరీ’కి అలాంటి ఆకాంక్ష లేదు. ఆకాంక్ష ఉన్న మాటలే విశేషణాన్ని ముందుకు లాగుతాయని చెబితే పిల్లలకు పట్టు దొరుకుతుంది.

ఈ వరుసకు ఒక గట్టి హద్దు కూడా ఉంది. ‘ఎ’ గాని, ‘యాన్’ గాని ఉన్న ఏకవచనంలో మాత్రమే ఇది చెల్లుతుంది. ‘టూ బిగ్ హౌసెస్’ అని బహువచనంలో అనలేం, ‘హౌసెస్ దట్ ఆర్ టూ బిగ్’ అని వాక్యాన్ని తిప్పుకోవాలి. ‘టూ బిగ్ ది హౌస్’ అనీ అనలేం. బహువచనం కావాలంటే ‘సచ్’ను ఆశ్రయించాలి. ‘సచ్’, ‘వాట్’ అనేవి తాము మాత్రమే ముందు నిలబడి, విశేషణాన్ని దాని చోటులోనే ఉంచుతాయి: ‘సచ్ ఎ గుడ్ టీచర్’, ‘సచ్ గుడ్ టీచర్స్’, ‘వాట్ ఎ గుడ్ టీచర్’. తెలుగులో ‘అంత మంచి’, ‘ఎంత మంచి’ అనే ఒక్కొక్క మాటతో సరిపోయే పనికి ఇంగ్లీషులో రెండేసి మాటలు ఉండటం వల్లనే ‘సో గుడ్ బాయ్’, ‘హౌ ఎ గుడ్ బాయ్’ వంటి తప్పులు మన పిల్లల కాగితాల్లో కనిపిస్తాయి. దిద్దాల్సినవి ఇవి. మీ విద్యార్థిని వాక్యం ఈ కోవలోది కాదు. ‘ఆఫ్’ సంగతిని అమెరికాలో ఉన్నవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు.


రెండో జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, టెక్సస్)

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు అయింది. ‘హౌ బిగ్ ఆఫ్ ఎ ఫైల్ ఈజ్ ఇట్’, ‘ఇట్స్ టూ లాంగ్ ఆఫ్ ఎ డ్రైవ్’, ‘షీ ఈజ్ యాజ్ గుడ్ ఆఫ్ ఎ కుక్ యాజ్ హర్ మదర్’ అనే మాటలు ఆఫీసులోనూ, పిల్లల బడిలోనూ వింటూనే ఉంటాను. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అనే తేడా నాకు కనిపించలేదు. అయితే అవే నోళ్లు నివేదిక రాసేటప్పుడు చాలాసార్లు ‘ఆఫ్’ను వదిలేస్తాయి. అమెరికా వాడుక గ్రంథాలు కూడా దీన్ని ప్రధానంగా మాటల్లో వినిపించే అమెరికన్ నుడికారంగానే గుర్తిస్తాయి, లాంఛనమైన రాతలో మానుకోమని సలహా ఇస్తాయి. బ్రిటన్‌లో పెద్దవాళ్ల చెవికి ఇది ఇంకా పరాయిగానే తగులుతుంది.

‘ఆఫ్’ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ అసలు ప్రశ్న. ‘హీ ఈజ్ నాట్ మచ్ ఆఫ్ ఎ క్రికెటర్’, ‘ఇట్ ఈజ్ మోర్ ఆఫ్ ఎ హాబీ’, ‘షీ ఈజ్ ఎనఫ్ ఆఫ్ ఎ స్కాలర్’ అనే వాక్యాలు చూడండి. ఇవి లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ, మన హైదరాబాదులోనూ ఒకేలా సరైనవి. మచ్, మోర్, ఎనఫ్ అనేవి పరిమాణాన్ని చెప్పే మాటలు కాబట్టి వాటి తర్వాత ‘ఆఫ్ ఎ’ సహజంగా వస్తుంది. ‘టూ మచ్ ఆఫ్ ఎ’ అనడానికి అలవాటుపడిన నాలుక ‘టూ బిగ్ ఎ’ అనేచోట కూడా అదే అచ్చును వాడింది. ‘బిగ్’ విశేషణమే అయినా ‘టూ బిగ్’ కూడా ఒక కొలతను చెబుతుంది కదా. పోలికను బట్టి కొత్త రూపం పుట్టడం ఏ భాషలోనైనా జరిగేదే.

ఇంకో సంగతి గమనించాను. ఈ ‘ఆఫ్’ బిగ్, గుడ్, బ్యాడ్, లాంగ్, హార్డ్ వంటి చిన్న విశేషణాల దగ్గరే ధారాళంగా వినిపిస్తుంది. ‘హౌ ఇంటెలిజెంట్ ఆఫ్ ఎ’ వంటివి అరుదు. ‘ఎ వెరీ బిగ్ ఆఫ్ ఎ హౌస్’ అని ఎవరూ అనరు. మాస్టారు చెప్పిన ఆకాంక్ష గల మాటలు ఉన్నచోటే ‘ఆఫ్’ దూరుతుంది. అంటే ఈ వాడుక వెనుక ఒక కట్టుబాటు ఉంది. డాలస్ పిల్ల నిజంగానే తప్పు మాట్లాడలేదు, తన ఊరి మాట మాట్లాడింది.

అట్లాంటిక్‌కు రెండు ఒడ్డుల మధ్య విశేషణం, ఆర్టికల్ కలిసేచోట నాకు ఇబ్బంది తెచ్చిన మాట మరొకటి ఉంది. అది ‘క్వైట్’. నేను రాసిన చిత్తుప్రతిని చూసి ఇంగ్లండుకు చెందిన సహోద్యోగి ఒకరు ‘క్వైట్ ఎ గుడ్ డ్రాఫ్ట్’ అని జవాబు పంపారు. అమెరికన్ అలవాటులో ‘క్వైట్ గుడ్’ అంటే ‘చాలా బాగుంది’ అని అర్థం కాబట్టి సంతోషించాను. బ్రిటిషు వాడుకలో అదే మాటకు చాలాసార్లు ‘ఫరవాలేదు’ అన్నంత అర్థమే ఉంటుందని తర్వాత తెలిసి ఆ ప్రతిని మళ్లీ రాశాను. ఈ ‘క్వైట్’ రెండు దేశాల్లోనూ ఎక్కువగా ఆర్టికల్‌కు ముందే నిలబడుతుంది, విశేషణం మాత్రం వెనుకనే ఉంటుంది. ‘రాదర్’ రెండు విధాలా నడుస్తుంది. ‘రాదర్ ఎ బిగ్ హౌస్’ బ్రిటిషు నోళ్లలో ఎక్కువ, ‘ఎ రాదర్ బిగ్ హౌస్’ అన్నిచోట్లా ఉంది. ‘హాఫ్ యాన్ అవర్’ను ఇక్కడ ‘ఎ హాఫ్ అవర్’ అని కూడా అంటారు.


మూడో జవాబు (అనువాదకుడు, హైదరాబాదు)

వరుస గురించి ఇద్దరూ వివరంగా రాశారు. నేను మరో కోణం చెబుతాను. ‘ఎ’ రావాలా, ‘యాన్’ రావాలా అన్నది నామవాచకం చేతిలో ఉందని మన పిల్లలు అనుకుంటారు. నిజానికి ఆర్టికల్ పక్కన ఏ మాట ఉంటే ఆ మాట మొదటి ధ్వనిదే నిర్ణయం. ‘యాన్ అంబ్రెల్లా’ మధ్యలో విశేషణం రాగానే ‘ఎ బ్లాక్ అంబ్రెల్లా’ అవుతుంది, ‘ఎ బుక్’ కాస్తా ‘యాన్ ఓల్డ్ బుక్’ అవుతుంది. ‘ది’ పలకడంలోనూ ఇదే పద్ధతి: ‘ది యాపిల్’ అని పలికేవాళ్లు ‘ద రెడ్ యాపిల్’ అంటారు.

ధ్వనిదే నిర్ణయం కాబట్టి యాస మారితే ఆర్టికల్ కూడా మారుతుంది. మూలికల టీని అమెరికాలో ‘యాన్ హెర్బల్ టీ’ అని రాస్తారు, ఎందుకంటే అక్కడ ఆ మాటను ‘ఎర్బల్’ అని పలుకుతారు. బ్రిటన్‌లో ‘హ’ వినిపిస్తుంది కాబట్టి ‘ఎ హెర్బల్ టీ’ అంటారు. ‘యాన్ హిస్టారిక్ డే’ అని రాసేవాళ్లు బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ కొందరు ఉన్నారు, కాని ‘యాన్ హిస్టరీ బుక్’ అని ఎవరూ రాయరు. ‘హిస్టరీ’లో ఊనిక (నొక్కి పలకడం) మొదటి అక్షరం మీద పడుతుంది కాబట్టి ‘హ’ గట్టిగా వినిపిస్తుంది. ‘హిస్టారిక్’లో ఊనిక రెండో అక్షరానికి జరిగి, ‘హ’ బలహీనపడుతుంది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో ‘యాన్ హౌస్’, ‘యాన్ హండ్రెడ్’ అనే రూపాలు కూడా కనిపిస్తాయి. ‘యాన్’ అనేదే అసలు రూపం. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే అర్థం గల సంఖ్యావాచకం నలిగి ‘యాన్’ అయింది, హల్లుల ముందు ఇంకా నలిగి ‘ఎ’గా మిగిలింది. మన ‘ఒక రోజు’ నలిగి ‘ఓ రోజు’ అయినట్టే.

అన్ని మాండలికాల్లోనూ ఈ జంట లేదు. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషులోను, లండన్ నగరంలో వలస కుటుంబాల పిల్లలు, స్థానికుల పిల్లలు కలిసి పెరిగినచోట రూపుదిద్దుకున్న యువతరం ఇంగ్లీషులోను ‘ఎ యాపిల్’, ‘ఎ ఓల్డ్ బుక్’ అనే రూపాలు నమోదై ఉన్నాయి. అచ్చుకు ముందు గొంతులో చిన్న ఆపు వస్తుంది కాబట్టి వాళ్లకు ‘న’ అవసరం కలగదు. బడి పరీక్షలో ఇది చెల్లదు, కాని అక్కడి పిల్లలకు ఇది పొరపాటు కాదు, పుట్టుకతో వచ్చిన పలుకు.

మన దగ్గర ‘ఎ’, ‘యాన్’ తప్పులకు చాలావరకు మన ఉచ్చారణే కారణమని నా నమ్మకం. తెలుగులో మాట మొదట ‘ఎ’ ఉంటే ముందు ‘య’ పలికించడం మనకు అలవాటు. అందుకే ఇంటిపేర్ల పొడి అక్షరాలను ‘యం’, ‘యన్’, ‘యస్’ అని రాసే సంప్రదాయం ఇప్పటికీ ఉంది. ‘యం.ఎల్.ఏ.’ అని రాసుకొని, అలాగే పలికే పిల్లవాడికి అక్కడ హల్లే వినిపిస్తుంది, వాడు ‘యాన్’కు బదులు ‘ఎ’ పెడతాడు. వాడి చెవి ప్రకారం వాడు సూత్రాన్ని పాటించినట్టే. ఆర్టికల్‌ను దిద్దడానికి ముందు ఉచ్చారణను దిద్దితే ఈ తప్పు చాలావరకు పోతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మనం ఆ అక్షరాన్ని ‘హెచ్’ అంటాం, ఐర్లండులోనూ అలాగే అంటారు, కాని ఇంగ్లండులో, అమెరికాలో ప్రామాణికంగా ‘ఎయిచ్’ అంటారు. అందుచేత ‘ఎ హెచ్ఆర్ మేనేజర్’ అని రాసిన హైదరాబాదు ఉద్యోగిని తప్పుపట్టే ముందు ఆయన ఆ అక్షరాన్ని ఎలా పలుకుతారో అడగాలి.


ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ‘యం.ఎల్.ఏ.’ ఉదాహరణ చూశాక మా బడిలో ఇన్నేళ్లుగా దిద్దుతున్న ఒక తప్పుకు మూలం తెలిసింది. ఇదే వరుసలో ఇంకొక్క సందేహం. ‘ఇన్ ఫ్యూచర్’ అని ఆర్టికల్ లేకుండా రాస్తే సరే అంటున్నాం. ‘ఇన్ నియర్ ఫ్యూచర్’ అని రాస్తే తప్పు అంటున్నాం. మధ్యలో చేరింది ఒక విశేషణమే కదా, ఆర్టికల్ అవసరం ఎందుకు వచ్చినట్టు?


నాలుగో జవాబు (విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, తెనాలి)

అమ్మా, విశేషణం చేరగానే ఆర్టికల్ అవసరం కలగడం ఇంగ్లీషులో తరచుగా కనిపించే విషయం. ‘ఐ హాడ్ లంచ్’ అంటాం, కాని ‘ఐ హాడ్ ఎ లేట్ లంచ్’ అంటాం. మధ్యాహ్న భోజనం రోజూ ఉండే పని కాబట్టి దానికి గుర్తింపు అక్కరలేదు. ఆలస్యమైన భోజనం అనగానే అది ఒకానొక నాటి ప్రత్యేక భోజనం అవుతుంది. ‘నాలెడ్జ్’ లెక్కపెట్టలేని నామవాచకమే అయినా ‘ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ తెలుగు’ అనడం సరైనదే. అయితే ఇది అన్ని మాటలకూ వర్తించదు. ‘ఎ గుడ్ అడ్వైస్’ తప్పే, ‘గుడ్ అడ్వైస్’ అనాలి. ఈ తేడాను సూత్రంగా బట్టీ పట్టించడం కష్టం. మాటతో పాటే నేర్పాలి.

ఈ విశేషణం దేశాల మధ్య తేడాను కూడా చెరిపేయగలదు. ఆసుపత్రిలో చేరిన రోగి గురించి బ్రిటిషువారు ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికన్లు ‘ఇన్ ద హాస్పిటల్’ అంటారు. ‘లోకల్’ అనే విశేషణాన్ని మధ్యలో పెట్టండి. ఇద్దరూ ‘ఇన్ ద లోకల్ హాస్పిటల్’ అనే అంటారు. మీరు అడిగిన ‘ఫ్యూచర్’ కూడా ఇంతే. ‘ఇకమీదట’ అనే అర్థంలో బ్రిటిషువారు ‘ఇన్ ఫ్యూచర్’ అంటారు, అమెరికన్లు అక్కడ కూడా ‘ఇన్ ద ఫ్యూచర్’ అంటారు. ‘నియర్’ చేరిందంటే రెండు దేశాల్లోనూ ‘ఇన్ ద నియర్ ఫ్యూచర్’ ఒక్కటే దారి. మన పత్రికల్లో, దరఖాస్తుల్లో కనిపించే ‘ఇన్ నియర్ ఫ్యూచర్’ బ్రిటిషు ‘ఇన్ ఫ్యూచర్’ మీద విశేషణాన్ని అతికించడం వల్ల వచ్చింది. దాన్ని మీరు నిస్సంకోచంగా దిద్దవచ్చు.

ఇక తరగతిలో చెప్పడానికి తెలుగు నుంచే ఒక ఆధారం ఇస్తాను. తెలుగులో ఆర్టికల్ లేదని చెప్పి ఊరుకుంటాం, కాని ‘ఒక’ నడకను గమనిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దగ్గరగా కనిపిస్తుంది. ‘ఒక పెద్ద ఇల్లు కొన్నాడు’ అంటాం. ‘ఒక అంత పెద్ద ఇల్లు కొన్నాడు’ అనం. ‘అంత’ రాగానే ‘ఒక’ ముందు చోటు వదిలేస్తుంది. ఉంటే చివరికి పోయి ‘అంత పెద్ద ఇల్లొకటి కొన్నాడు’ అవుతుంది, లేదా పూర్తిగా తప్పుకుంటుంది. కొలత చెప్పే మాట వచ్చినప్పుడు ‘ఎ’ వెనక్కి జరిగి ‘దట్ బిగ్ ఎ హౌస్’ కావడం కూడా ఇలాంటి సర్దుబాటే. ‘ఒకింత’ అనే మాట ఉంది కదా అని చురుకైన పిల్లలు అడుగుతారు. అక్కడ ‘ఇంత’ అంటే ‘కొంచెం’ అని అర్థం, పోలిక లేదు. అందుకే ఆ రెండూ ముందే కలిసి ఒక మాట అయిపోయాయి.


ప్రశ్న వేసినవారు

మాస్టారూ, ఈ రోజు ఆ అమ్మాయి కాగితం మళ్లీ తీసుకొని కొట్టివేత చెరిపి, పోయిన అర మార్కు తిరిగి ఇచ్చాను. పక్కన ‘అమెరికాలో మాట్లాడేటప్పుడు ఇలా అంటారు, పరీక్షలో ఆఫ్ లేకుండా రాయి’ అని రాశాను. రేపటి పాఠంలో ‘ఇల్లొకటి’తోనే మొదలుపెడతాను. ‘సో గుడ్ బాయ్’ అని రాసినవాళ్లు తరగతిలో పన్నెండు మంది ఉన్నారు, ముందు వాళ్లతో ‘అంత మంచి పిల్లాడొకడు’ అనిపించి, తర్వాత ‘సో గుడ్ ఎ బాయ్’, ‘సచ్ ఎ గుడ్ బాయ్’ రెండూ పలకపై రాయిస్తాను.